స్టీవనేజ్ వీధి దీపాన్ని చదవడం ఎలా: కింద నుంచి పైకి

మా నాన్న గుంటూరు జిల్లాలో కరెంటోళ్ళ దగ్గర లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ మధ్య అమ్మా ఆయనా ఇక్కడికి, అంటే ఇంగ్లండ్‌లో స్టీవనేజ్‌కి, విజిటర్ వీసా మీద వచ్చారు. నేను లండన్ తీసుకెళ్తా, టవర్ బ్రిడ్జి చూపిస్తా అని ప్లాన్లేస్తుంటే ఆయన రెండోరోజు సాయంత్రం వాకింగ్‌కి బయల్దేరి ఇళ్ళ వెనకాల గ్యారేజీల సందులో ఒక పాత సిమెంటు స్తంభం దగ్గర ఆగిపోయాడు. పది నిమిషాలైనా కదలడే. నేనూ పక్కన నిలబడి తల పైకెత్తి లాంతరు, అంటే స్తంభం పైన బల్బుండే డబ్బా, చూస్తున్నా, ఇది ఏ మోడలో అని ఫోన్లో వెతుకుతున్నా. "పైకేం చూస్తావురా, పైనున్నది ఎవడైనా ఎప్పుడైనా మారుస్తాడు, కింద తలుపు చూడు" అన్నాడు. ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కి దిగిన మనిషి, ఊరికే అనడు కదా.

ఆ మాట పట్టుకుని నేను ఇక్కడి వీధి దీపాలు చూడ్డం మొదలెట్టా, ఇప్పుడు అదొక పిచ్చి అయింది, మా ఆవిడ నాతో వాకింగ్‌కి రావడం మానేసింది. మీరూ మిల్టన్ కీన్స్‌లోనో, క్రాలీలోనో, బ్రాక్నెల్‌లోనో, హార్లోలోనో ఉంటే (మనోళ్ళు ఈ ఊళ్ళన్నిట్లో బోలెడంతమంది ఉన్నారు) మీ వీధి చివర స్తంభం ఏ కాలం నాటిదో ఎలా కనిపెట్టాలో చెప్తాను. సూత్రం ఒక్కటే, కింద నుంచి పైకి చదవాలి. స్తంభం పాతిపెట్టిన చోటే యాభై అరవై ఏళ్ళు ఉంటుంది, దాని మీద లాంతరు ఈలోపు రెండు మూడుసార్లు మారి ఉంటుంది, లోపల బల్బు సంగతి సరేసరి. అందుకని లాంతరు చూసి స్తంభం వయసు చెప్పడమంటే టోపీ చూసి మనిషి వయసు చెప్పినట్టే.

ముందు కాస్త చరిత్ర, లేకపోతే ఈ ఊళ్ళలోనే ఎందుకు వెతకాలో అర్థం కాదు. యుద్ధంలో లండన్ బాంబులకి నాశనమైంది, ఇళ్ళు చాలవు, అప్పుడు 1946లో కొత్త ఊళ్ళు కట్టడానికి న్యూ టౌన్స్ చట్టం తెచ్చారు. ఆ ఏడాది నవంబర్ 11న మొట్టమొదట ప్రకటించింది మా స్టీవనేజే. అప్పటి మంత్రి లూయిస్ సిల్కిన్ ఈ ఊరికి వస్తే జనం ఆయన కారు టైర్లలో గాలి తీసేశారు, రైల్వే స్టేషన్ బోర్డు మీద 'సిల్కిన్‌గ్రాడ్' అని పేరు మార్చి పెట్టారు, భూములు పోతాయంటే ఎక్కడైనా అంతే కదా. 1947లో క్రాలీ, హెమెల్ హెంప్‌స్టెడ్, హార్లో, స్కాట్లండ్‌లో ఈస్ట్ కిల్‌బ్రైడ్, 1949లో బాసిల్డన్, బ్రాక్నెల్, వేల్స్‌లో కుంబ్రాన్, 1955లో కంబర్‌నాల్డ్, 1964లో రన్‌కార్న్, రెడ్డిచ్, ఆ తర్వాత 1967లో మిల్టన్ కీన్స్. ఒక్కో ఊరికి ఒక్కో డెవలప్‌మెంట్ కార్పొరేషన్. ఇళ్ళు, రోడ్లు, షాపులు అన్నీ వాళ్ళే గీసి వాళ్ళే కట్టించారు కాబట్టి ఒక పేటంతా ఒకే రకం స్తంభం కనపడుతుంది, ఇళ్ళు కట్టిన ఏడాది తెలిస్తే స్తంభం ఏడాది దాదాపు తెలిసినట్టే. పాత ఊళ్ళలో అలా కుదరదు, అక్కడ గ్యాస్ దీపాల కాలం నుంచి అతుకుల మీద అతుకులు.

ఇంకో తేడా కూడా నాన్నే పట్టాడు. మన దగ్గర కరెంటు స్తంభానికే ఒక చెయ్యి బిగించి లైటు తగిలిస్తాం, వైర్లన్నీ నెత్తి మీద పోతుంటాయి. ఈ కొత్త ఊళ్ళలో కేబులంతా భూమిలో పోతుంది, కాబట్టి స్తంభం ఉన్నది దీపం కోసమే, ఇంకే బరువూ మొయ్యదు. అందుకే దాని ఆకారం గురించి డిజైనర్లు అంత బుర్ర పెట్టగలిగారు, కొట్టుకోగలిగారు కూడా.

సరే, ఎక్కడ వెతకాలి. పెద్ద రోడ్ల మీద టైం వేస్ట్ చేసుకోకండి, అక్కడ కౌంటీ వాళ్ళు ఎప్పుడో పీకేసి కొత్తవి పెట్టి ఎల్ఈడీలు వేసేశారు. పాతవి మిగిలేది ఎవరూ పట్టించుకోని చోట్ల. ఇళ్ళ వెనక గ్యారేజీ వరసలు, పేటలో చిన్న షాపుల వెనక సరుకు దించే జాగా, చర్చి కారు పార్కింగు, కమ్యూనిటీ సెంటర్ పక్క సందు, పేటకీ పేటకీ మధ్య చెట్లలోంచి పోయే కాలిబాటలు. ఇవి తరచూ రోడ్ల శాఖ కింద ఉండవు, బరో కౌన్సిల్ చేతిలోనో ఎవరో ఒక ట్రస్టు చేతిలోనో ఉంటాయి, వాళ్ళకి మార్చడానికి డబ్బులుండవు, అదే మన అదృష్టం. స్టీవనేజ్‌లో అయితే ఎరిక్ క్లాక్స్‌టన్ అనే ఇంజినీరు కార్ల రోడ్లకి దూరంగా సైకిల్ దారులు వేయించాడు, రౌండబౌట్ల కింద నుంచి అండర్‌పాస్‌లు పోతాయి, ఆ దారుల వెంట నడుస్తూ పోతే ఏదో ఒకటి దొరుకుతుంది. వెళ్ళే టైం కూడా ముఖ్యం. చీకటి పడడానికి ఓ అరగంట ముందు చేరుకోండి, వెలుతురులో స్తంభం చూసుకుని అక్కడే ఆగితే దీపం వెలగడం కూడా చూడొచ్చు. కొన్ని కౌంటీల్లో అర్ధరాత్రి దాటాక లైట్లు ఆపేస్తారు, మరీ లేటుగా వెళ్తే చీకట్లో స్తంభాలు తడుముకోవాల్సిందే.

తీసుకెళ్ళాల్సినవి: ఫోను, టేపు, ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం, ఒక మీటరు కర్ర, ఒక పాత సీడీ. సీడీ ఎందుకో తర్వాత చెప్తా.

ఇప్పుడు స్తంభం. ముందు దేంతో చేసిందో చూడండి. 1940ల చివర, 50లలో పెట్టిన వాటిలో మీకు దొరికేది ఎక్కువ శాతం కాంక్రీటే, ఎందుకంటే యుద్ధం అయ్యాక స్టీలుకి విపరీతమైన కరువు, రేషన్ మీద ఇచ్చేవాళ్ళు, కాంక్రీటుకి ఆ బాధ లేదు, పైగా రంగు వెయ్యక్కర్లేదు. ఈ కాంక్రీటు స్తంభాల్లో రెండు జాతులు. ఒకటి అచ్చులో పోసినది. ఇది ఎనిమిది పలకలుగానో, పక్కలకి సన్నటి గాడులతోనో, కింద లావుగా పైకి సన్నగా ఉంటుంది, దగ్గరికెళ్ళి వేలితో రాస్తే కంకర పలుకులు గరుగ్గా తగులుతాయి, వాన పడ్డ తర్వాత చూస్తే ఆ రాళ్ళు మెరుస్తాయి కూడా. మా పక్కనే హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వేర్ దగ్గర కాంక్రీట్ యుటిలిటీస్ అనే కంపెనీ వీటికి బాగా పేరున్నది. రెండోది గుండ్రంగా తిప్పి చేసినది. అచ్చుని గిర్రున తిప్పితే కాంక్రీటు అంచులకి అతుక్కుని మధ్యలో బోలు మిగులుతుంది, పైన నున్నగా, పైపు లాగా వస్తుంది. డెర్బీషైర్‌లో నీళ్ళ పైపులు చేసే స్టాంటన్ వాళ్ళు ఇలాంటివి చేశారు. తట్టి చూసి నాన్న "ఇది మన స్పన్ పోల్ లాంటిదేరా" అన్నాడు, నిజమే, పద్ధతి అదే.

కాంక్రీటు స్తంభాలంటే అప్పట్లో చాలామందికి ఒళ్ళు మండేది. కవి జాన్ బెట్జెమన్ వీటిని తిట్టని చోటు లేదు. కొన్ని పెద్ద స్తంభాలు నిజంగానే బండగా ఉంటాయి, చిన్న ఇంటి ముందు ఏనుగు కాలు పాతినట్టు. కానీ పదిహేను అడుగుల చిన్న రకం, సన్నగా పైకి పోయి చివర్న చిన్న వంపుతో ఉండేది, ఎర్ర ఇటుక ఇళ్ళ వరస ముందు ఎంత పొందిగ్గా ఉంటుందో, నాకైతే ఇప్పటి జింకు పూత గొట్టాల కంటే అదే నయం. ఎవరి అభిరుచి వాళ్ళది.

కాంక్రీటులో ఇంకోటి చూడాలి, పగుళ్ళు. లోపల ఇనుప చువ్వలుంటాయి, ఏళ్ళ తరబడి గాలీ తడీ లోపలికి పోయి చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటు పెచ్చు లేస్తుంది. మన పాత అపార్ట్‌మెంట్లలో బాల్కనీ కింద స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డం చూసే ఉంటారు, అచ్చం అదే జబ్బు. స్తంభం అంచు వెంట నిలువుగా పగులు, దాంట్లోంచి కారిన ఎర్ర మరక కనపడితే ఆ స్తంభానికి రోజులు దగ్గరపడ్డాయని అర్థం, ఫోటో ఆ రోజే తీసుకోండి. దాన్ని తట్టడం, ఆనుకోవడం లాంటివి చెయ్యొద్దు, పెచ్చు మీద పడగలదు.

కాంక్రీటు కాకపోతే అయస్కాంతం తియ్యండి. అంటుకుంటే స్టీలు, లేదంటే అల్యూమినియం. ఇంత చిన్న పని చేయకుండా రంగు చూసి స్టీలని రాసేసేవాళ్ళు చాలామంది, నేనూ మొదట్లో అంతే. స్టీలు కరువు తగ్గాక 50ల మధ్య నుంచి సన్నటి గొట్టం స్తంభాలు ఊపందుకున్నాయి. డేవిడ్ మెల్లర్ అని షెఫీల్డ్ డిజైనరు, చెంచాలు ఫోర్కులు గీసి పేరు తెచ్చుకున్నాయన, అబాకస్ అనే కంపెనీకి 50ల మధ్యలో స్తంభాలు గీసిచ్చాడు, అలంకారం ఏమీ లేని సాదా గీత, ఒక పువ్వూ లేదు ఒక చిలకా లేదు. తర్వాత ఇంగ్లండ్ ట్రాఫిక్ లైట్లు గీసింది కూడా ఆయనే. 1944లో పెట్టిన కౌన్సిల్ ఆఫ్ ఇండస్ట్రియల్ డిజైన్ అనే సంస్థ కూడా ఇలాంటి సన్నటి సాదా స్తంభాలనే వెనకేసుకొచ్చింది, కొత్త ఊళ్ళ ఆర్కిటెక్టులకి అవి సరిగ్గా సరిపోయాయి.

తలుపు. స్తంభం అడుగున, నేల నుంచి జానెడో మూరెడో ఎత్తులో ఒక చిన్న తలుపు ఉంటుంది. లోపల మెయిన్ కేబులు, ఫ్యూజు, పాత వాటిలో చోక్, కొన్నిట్లో టైం స్విచ్ కూడా. మోకాళ్ళ మీద కూర్చుని చూడండి, సిగ్గుపడకండి, కుక్కని తిప్పేవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. కొన్ని తలుపుల మీద తయారు చేసినవాళ్ళ పేరు పోతపోసి ఉంటుంది, రంగు నాలుగైదు పొరలు పడి కనపడకపోతే ఫోన్ టార్చి పక్క నుంచి వాలుగా వెయ్యండి, అక్షరాలు నీడతో లేచి కనపడతాయి. నేరుగా వేస్తే ఏమీ కనపడదు. మా గ్యారేజీ సందు స్తంభం మీద అలా వేస్తే సగం పేరు కనపడింది, మిగతా సగం మీద ఎవరో మళ్ళీ రంగు పూశారు. తలుపు సైజు కూడా ఒక ఆధారం. స్తంభం అడుగు భాగం ఎక్కువ లావుగా, తలుపు పెద్దగా ఉంటే లోపల చోకూ టైం స్విచ్చీ రెండూ పెట్టడానికి చేసినట్టు. తర్వాతి కాలంలో చోకు లాంతర్లోకి ఎక్కింది, టైం స్విచ్ బదులు లాంతరు నెత్తి మీద చిన్న డబ్బా లాంటి ఫోటోసెల్ వచ్చింది, వెలుతురుని బట్టి లైటు వేసి ఆపేది.

టైం స్విచ్ గురించి ఒక్కమాట. ఇక్కడ ఎండాకాలంలో రాత్రి పదింటిదాకా వెలుతురు, చలికాలంలో నాలుక్కే చీకటి, అందుకని మామూలు గడియారం పెడితే కుదరదు. వెన్నర్, హార్స్ట్‌మన్ లాంటి కంపెనీలు సోలార్ డయల్ అని పెట్టేవి, ఎండతో నడిచేది కాదు సుమా, ఏడాది పొడుగునా సూర్యోదయం సూర్యాస్తమయం ఎలా జరుగుతాయో దాని ప్రకారం లైటు వేసే టైమూ తీసే టైమూ రోజూ కొంచెం కొంచెం తానే జరుపుకునే పళ్ళ చక్రం. మన పంచాంగం గుండ్రంగా తిప్పినట్టు అనుకోండి.

తలుపు మాత్రం తెరవకండి. మూడు మూలల తాళం చెవి ఆన్‌లైన్లో దొరుకుతుంది కదా అని కొనేవాళ్ళున్నారు, లోపల 230 వోల్టులు ఎప్పుడూ ఉంటుంది, దీపం ఆరిపోయి ఉన్నా ఫ్యూజు దాకా కరెంటు ఉంటుంది, పైగా అది మీ సొత్తు కాదు. తలుపు ఊడిపోయి వైర్లు కనపడితే స్తంభం మీద నంబరు నోట్ చేసుకుని కౌన్సిల్‌కి చెప్పండి.

ఎత్తు కొలవడం నాకు బాగా నచ్చిన భాగం. అప్పట్లో రోడ్లని రెండు గ్రూపులు చేశారు, ట్రాఫిక్ ఎక్కువున్నవి గ్రూప్ ఏ, ఇళ్ళ వీధులు గ్రూప్ బీ. 1937లో రవాణా శాఖ రిపోర్టు పెద్ద రోడ్ల మీద దీపం 25 అడుగుల ఎత్తులో, చిన్న వీధుల్లో 13 నుంచి 15 అడుగుల ఎత్తులో ఉండాలంది, యుద్ధం తర్వాతా అదే లెక్క నడిచింది. 1970 ప్రాంతంలో దేశం మీటర్లకి మారడంతో 15 అడుగులది 5 మీటర్లయింది, 25 అడుగులది 8 మీటర్లయింది. 15 అడుగులంటే 4.57 మీటర్లు, 25 అంటే 7.62. అంటే ఎత్తు జాగ్రత్తగా కొలిస్తే స్తంభం అడుగుల కాలందో మీటర్ల కాలందో తెలిసిపోతుంది. ఎండ ఉన్న రోజు (ఇంగ్లండ్‌లో అదొక్కటే కష్టం) మీటరు కర్ర నిలువుగా పట్టుకుని దాని నీడ కొలవండి, వెంటనే దీపం నీడ కొలవండి. కర్ర నీడ 1.5 మీటర్లు, దీపం నీడ 11.4 మీటర్లు వస్తే 11.4ని 1.5తో భాగించండి, 7.6 వచ్చింది, 25 అడుగులు, పాతదే. చాలామంది చేసే తప్పేంటంటే నీడని స్తంభం మొదలు నుంచి కొలుస్తారు. దీపం చెయ్యి రోడ్డు మీదికి చాచి ఉంటుంది కదా, లాంతరు సరిగ్గా ఏ చోటు మీద వేలాడుతుందో ఆ చోటు నుంచి దాని నీడ దాకా కొలవాలి. నేల ఏటవాలుగా ఉంటే ఈ లెక్క పనికిరాదు. నేను మూడుసార్లు కొలిచి సగటు తీస్తా, ఒక్కసారి కొలిచి నమ్మితే 38 సెంటీమీటర్ల తేడా పొరపాట్లోనే పోతుంది.

స్తంభం పైకి చూపు పోనిచ్చేముందు మెడ దగ్గర ఆగండి. కాంక్రీటు స్తంభానికి కాంక్రీటు చెయ్యే ఉంటే, అతుకు దగ్గర సిమెంటు వరసే తప్ప ఇంకేమీ లేకపోతే అది పుట్టినప్పటి రూపం. అలా కాకుండా కాంక్రీటు స్తంభం తల కోసేసి దాని మీద స్టీలు టోపీ తొడిగి, దాంట్లోంచి చిన్న ఇనుప చెయ్యి వచ్చిందంటే చెయ్యి పగిలిపోయి తర్వాత రిపేరు చేశారన్నమాట. ఇవి బోలెడు. కొంతమంది వీటిని చూసి ఇదొక అరుదైన డిజైను అనుకుంటారు, కాదండీ బాబూ, అది కట్టు కట్టిన చెయ్యి.

ఇప్పుడు లాంతరు. పక్క నుంచి చెయ్యి దూరేది, పై నుంచి వేలాడేది, స్తంభం నెత్తి మీద నేరుగా కూర్చునేది అని మూడు రకాలు. కొత్త ఊళ్ళ కాలిబాటల్లో ఈ మూడోది చాలా వాడారు, చెయ్యి లేకుండా కుండ బోర్లించినట్టో గిన్నె పెట్టినట్టో ఉంటుంది. 50లలో ఇళ్ళ వీధుల్లో మామూలు ఫిలమెంటు బల్బులూ చిన్న మెర్క్యురీ బల్బులూ పెట్టేవాళ్ళు, మెర్క్యురీ అయితే 80, 125 వాట్లు. టౌన్ సెంటర్లలో, షాపుల దగ్గర ట్యూబులైట్ లాంతర్లు పెట్టేవాళ్ళు, కొనే బట్ట రంగు కనపడాలి కదా.

సన్నగా పొడుగ్గా పెట్టెలా ఉందంటే అది సోడియం లాంతరు అయ్యుండొచ్చు. ఇక్కడి వాళ్ళు ఎస్‌ఓఎక్స్ అంటారు, లో ప్రెషర్ సోడియం. మన హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద ఒకప్పుడు ఉన్న నారింజ సోడియం దీపాలు వేరే, అవి హై ప్రెషర్. ఈ ఎస్‌ఓఎక్స్ బల్బుల సైజు వాట్లతో పాటు పెరుగుతుంది, 35 వాట్లది 31 సెంటీమీటర్లు, 55ది 42, 90ది 53, 135ది 77, 180ది అయితే ఏకంగా 112 సెంటీమీటర్లు, చిన్నపిల్లాడంత. కాబట్టి లాంతరు పొడుగు చూస్తే ఎన్ని వాట్లదో కింద నుంచే చెప్పొచ్చు. గ్యారేజీ సందుల్లో, ఇళ్ళ వీధుల్లో దొరికేవి ఎక్కువగా చిన్నవే, థార్న్ బీటా 5, ఫిలిప్స్ ఎమ్ఐ 26 లాంటివి. ఇవి 50ల స్తంభం మీద కూర్చుని ఉంటే మోసపోకండి, స్తంభం మీ నాన్న వయసుది, లాంతరు మీ వయసుది. బల్బుని కప్పి ఉంచే ప్లాస్టిక్ గిన్నె గోధుమ రంగుకి తిరిగి, లోపల చచ్చిన పురుగులు ఒక గుప్పెడు కనపడితే మాత్రం చాలా ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదని అర్థం.

చీకటి పడ్డాక వెలుగు చూడాలి. ఎస్‌ఓఎక్స్ మిగిలి ఉంటే అదృష్టవంతులే, ఎందుకంటే ఆ బల్బుల తయారీయే ఆగిపోయింది. వెలిగిన వెంటనే గులాబీ ఎరుపుగా ఉంటుంది, అది లోపలున్న నియాన్ గ్యాసు. వేడెక్కేకొద్దీ గొట్టంలో గడ్డకట్టిన సోడియం ఆవిరై మెల్లగా చిక్కటి పసుపుకి తిరుగుతుంది, పూర్తిగా వెలగడానికి పది నిమిషాల పైనే పట్టొచ్చు. ఈ పది నిమిషాల కోసమే అరగంట ముందు వెళ్ళమన్నది. ఇంగ్లండ్‌లో ఈ దీపం 1932 నుంచే ఉంది, క్రాయిడన్ పక్కన పర్లీ వే రోడ్డు మీద మొదట వేసి చూశారు, రోడ్డు బాగా కనపడుతుంది, కరెంటు తక్కువ తింటుంది, మంచులో కూడా పర్వాలేదు, ఒక్కటే తిప్పలు, రంగులు ఉండవు. మా అమ్మ ఆ రోజు కుంకుమ రంగు చీర కట్టుకుని మా వెనకే వచ్చింది, దీపం కింద నిలబడితే చీర బొగ్గులా కనపడింది, "ఇదేం లైటురా, కొత్త చీర ఇలా అయిపోయింది" అని కంగారు పడింది. ఆ వెలుతురంతా దాదాపు ఒకే పసుపు రంగులో, 589 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది, ఎరుపు లేకపోతే ఎర్ర చీర దేన్ని తిప్పికొడుతుంది పాపం. ఫోన్ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా అందుకే ఉపయోగం ఉండదు.

సీడీ ఇప్పుడు తియ్యండి. మెరిసే వైపు దీపం కేసి పెట్టి, దీపం ప్రతిబింబం పక్కన రంగుల పట్టీ కనపడేదాకా మెల్లగా వంచండి. ఇంద్రధనుస్సు బదులు ఒక్క పసుపు ముక్క మాత్రమే కనపడితే ఎస్‌ఓఎక్స్. అన్ని రంగులూ ఉండి పసుపు దగ్గర మాత్రం నల్లటి సందు పడితే హై ప్రెషర్ సోడియం, భలే విచిత్రం ఇది, సోడియం తన రంగు తనే మింగేస్తుంది. విడివిడిగా ఊదా, ఆకుపచ్చ, పసుపు ముక్కలు కనపడితే మెర్క్యురీ. తెగకుండా ఎరుపు నుంచి నీలం దాకా సాఫీగా పట్టీ ఉంటే ఎల్ఈడీ. చెట్ల ఆకుల చాటున లాంతరు కనపడకపోయినా దీపం రకం ఇలా తేల్చేయొచ్చు.

ఇంత చేశాక కూడా తప్పు పోతుంది. నేను ఒకసారి ఒక సన్నటి స్తంభం చూసి 60ల నాటిది అని నాలాంటి దీపాల పిచ్చోళ్ళ గుంపులో గొప్పగా చెప్పా, ఒకాయన స్ట్రీట్ వ్యూలో 2009 నాటి ఫోటో తీసి పెట్టాడు, ఆ చోట అప్పుడు వేరే కాంక్రీటు స్తంభం ఉంది. అంటే నేను చూసింది ఇంకెక్కడి నుంచో తెచ్చి పెట్టిన పాత సరుకు. అందుకని చెప్పే ముందు స్ట్రీట్ వ్యూలో పాత తేదీలు వెనక్కి జరిపి చూసుకోండి, బ్రిటన్‌లో 2009 నుంచి ఉంది. జియోగ్రాఫ్ అనే సైట్లో మ్యాప్ మీద గడి గడికీ జనం తీసిన ఫోటోలుంటాయి, ఊరి మ్యూజియంలో కార్పొరేషన్ వాళ్ళు తీయించిన పాత ఫోటోలుంటే అన్నిటికంటే గట్టి సాక్ష్యం. పాత ఫోటోలో ఇళ్ళూ పిల్లలూ చూసేస్తాం గానీ అంచున నిలబడ్డ స్తంభం ఎవరూ చూడరు, మీరు అదే చూడాలి. మీరు ఫోటో తీసేటప్పుడు కనీసం నాలుగు తియ్యండి, మొత్తం స్తంభం, తలుపు, మెడ, లాంతరు అడుగు. తేదీ, వీధి పేరు, స్తంభం నంబరు రాసుకోండి. ఇళ్ళ కిటికీలు ఫ్రేములోకి రాకుండా నిలబడండి, రాత్రిపూట ఎవరింటి ముందో కెమెరా పట్టుకుని నిలబడితే ఏమనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు.

కొనుక్కోవాలని ఉంటే పాత లాంతర్లు ఆన్‌లైన్ వేలంలో దొరుకుతాయి, స్తంభం మీది నుంచి పీకడం మాత్రం దొంగతనమే, మార్పించే కాంట్రాక్టరుని మర్యాదగా అడిగితే కొన్నిసార్లు ఇస్తారు. తెచ్చాక గిన్నెని సబ్బునీళ్ళతో కడగండి, అసిటోన్, స్పిరిట్ ముట్టించారా పగుళ్ళు పడిపోతుంది. పాత కెపాసిటర్లలో పీసీబీ అనే విషపు నూనె ఉండొచ్చు, కారుతుంటే చేతులు పెట్టొద్దు. పాత వైర్ల చుట్టూ, తలుపు అంచుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గీకొద్దు. ఎస్‌ఓఎక్స్ బల్బు మూతి చూస్తే మన ఇళ్ళలో పిన్ను బల్బు మూతిలాగే ఉంటుంది, అదే సైజు, అది చూసి మామూలు హోల్డర్లో పెట్టేస్తారు కొందరు, పొరపాటున కూడా వద్దు, దానికి వేరే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పగిలితే లోపలున్న సోడియంకి తడి తగిలి మంట రావచ్చు, చెత్తబుట్టలో పడెయ్యకుండా రీసైక్లింగ్ సెంటర్లో ఇవ్వండి. ఇంట్లో వెలిగించుకోవడానికైతే ఎలక్ట్రీషియన్‌తో లోపలి సామానంతా తీయించి వెచ్చటి ఎల్ఈడీ బల్బు పెట్టించుకోవడమే మేలు.

చివరగా, స్తంభం లేని చోట కూడా చదవొచ్చు. కొత్త స్తంభం మామూలుగా పాతదాని పక్కనే, ఒక అడుగో గజమో ఎడంగా పాతుతారు, కొత్తది వెలిగాకే పాతది తీస్తారు. ఆ పాత గుంటని తారుతో పూడుస్తారు, పేవ్‌మెంట్ మీద గుండ్రటి నల్ల మచ్చ మిగులుతుంది. ఒక మచ్చ నుంచి ఇంకో మచ్చకి అడుగులు వేసి లెక్కపెడితే పాత దీపాలు ఎంతెంత దూరంలో ఉండేవో వచ్చేస్తుంది. మొన్న నాన్న ఫోన్ చేసినప్పుడు గ్యారేజీ సందులో స్తంభం ఉందా అని అడిగాడు, లేదు, పోయిన నెల తీసేశారు, మచ్చ ఉంది అని చెప్పా. "మచ్చ మధ్యలో ఏమన్నా కనపడుతుందా, మొదలంటా తీశారా కోసేశారా" అన్నాడు. వెళ్ళి చూశా. కోసేశారు, తారు కింద నుంచి కాంక్రీటు అంచు, దాంట్లో నాలుగు చువ్వల మొనలు కనపడుతున్నాయి.